ఏడాది తలగుడ్డ

మెట్టుగూడ విశ్రాంత ఉద్యోగుల సేవా సంఘం అధ్యక్షుల పదవీకాలం ఒక్క సంవత్సరం మాత్రమేనని సంఘ నియమావళి మూడో నియమంలో స్పష్టంగా ఉంది. ఆ ఒక్క సంవత్సరం 1993 జూన్‌లో మొదలైంది. ఈ కథ జరిగిన 2012 నాటికి అది ఇంకా పూర్తి కాలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. మొదటి ఏడు ఎన్నికల రోజున వాన పడింది. రెండో ఏడు వాన పడకపోవడంతో సభ్యులు ఎండకు భయపడి రాలేదు. మూడో ఏడు అందరూ వచ్చారు గానీ, వచ్చినవారికి ఉప్మా చాలక సభ వాయిదా పడింది. నాలుగో ఏడు "గత సంప్రదాయాన్ని అనుసరించి" అనే మాట తీర్మానంలో చోటు చేసుకుంది. ఆ మాట ఒకసారి మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాక ఇక ఎన్నికలతో పని ఉండదని, ఆఫీసుల్లో ముప్పయ్యేసి ఏళ్ళు ఫైళ్ళు నడిపి వచ్చిన సభ్యులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ అధ్యక్షులు శ్రీ రామ్మోహనరావు గారు. గెజిటెడ్ హోదాలో రిటైరయ్యారు. ఏ శాఖలో అని అడిగితే "పరిపాలనలో" అంటారు. ఉపాధ్యక్షుడు జీవరాజు. పార్సిల్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి దిగినవాడు, డెబ్బై ఒకటో ఏట ఉన్నాడు, పన్నెండేళ్ళుగా ఉపాధ్యక్షుడిగానే ఉన్నాడు. ప్రతి జూన్‌లో రామ్మోహనరావు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి "వచ్చే ఏడు మీరే" అనేవారు. ఆ మాట ఇప్పటికి పన్నెండుసార్లు విన్నాడు. పన్నెండుసార్లూ నమ్మాడు.

జీవరాజుకు జీవితంలో తక్కిన కోరికలన్నీ దాదాపు తీరాయి. చిలకలగూడలో సొంత ఇల్లు అమరింది. చర్చిలో ముందు వరుసలో చోటు దొరికింది. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. ఒక్కటి మిగిలింది. సంఘం హాలు గోడకు నల్లరంగు వేసిన టేకు బోర్డు ఒకటి ఉంది. పైన "మన అధ్యక్షులు" అని బంగారు అక్షరాలు, కింద పేరు, నుండి, వరకు అని మూడు గడులు, ఇరవై వరుసలు. మొదటి వరుసలో రామ్మోహనరావు గారి పేరుంది, "నుండి" గడిలో 1993 ఉంది, "వరకు" గడి ఖాళీ. తక్కిన పంతొమ్మిది వరుసలూ నున్నగా మెరుస్తూ ఉంటాయి. జీవరాజు రోజూ సాయంత్రం పేపరు పట్టుకుని సరిగ్గా దాని ఎదురుగా కూర్చుంటాడు. తన పేరుకు ఎన్ని అంగుళాలు పడుతుందో ఆయనకు తెలుసు. ఇంటిపేరు పొడి అక్షరాల్లో వేయించాలా, పూర్తిగా వేయించాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

ఇలా ఉండగా, ఆ ఫిబ్రవరిలో ఒక క్రైస్తవ సేవాసంస్థ సికింద్రాబాద్‌లో చేనేత పనివారి సదస్సు జరిపింది. దేశదేశాల నుంచి వచ్చారు. గ్వాటెమాలా దేశపు కొండల్లోంచి దోమింగో అనే మాయా జాతి పెద్దమనిషి వచ్చాడు. నేసేది ఆయన భార్య. ఆవిడ మగ్గం దగ్గర పని వదిలి రాలేకపోయింది గనుక, ఆవిడ నేసిన బట్టల గురించి మాట్లాడటానికి ఆయన వచ్చాడు. చేనేత సదస్సుల్లో ఇది మనకూ అలవాటైన ఏర్పాటే కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు.

పొట్టి మనిషి, అరవై ఏళ్ళు, చారల లాగు, నెత్తికి ఎర్రటి గుడ్డ. సదస్సు మూడో రోజున ఆయన ఒక కోరిక కోరాడు. ఈ ఊళ్ళో జనానికి సేవ చేసే పెద్దలెవరో చూడాలని ఉంది, చూపించండి అన్నాడు. నిర్వాహకులు రెండు రోజులు ఆలోచించారు. చాలామందికి ఫోన్లు చేశారు. చివరికి ఒకాయన ఆటోలో పోతూ మెట్టుగూడలో "సేవా సంఘం" అని రాసి ఉన్న బోర్డు చూసి, హమ్మయ్య అనుకున్నాడు.

అతిథికి సన్మానం ఘనంగా జరిగింది. సంఘానికి ఒక శాలువా ఉంది. అది అప్పటికి పదకొండు మందికి కప్పబడి, పదకొండుసార్లూ ఏదో ఒక దారిన తిరిగి సంఘానికే చేరింది. దాన్ని దోమింగోకు కప్పారు. ఆయన ఎంతో సంతోషించి, సంచిలోంచి మడతపెట్టిన కొత్త ఎర్రగుడ్డ ఒకటి తీసి, రెండు అరచేతుల మీద పరిచి, తన భాషలో ఒక ప్రశ్న అడిగాడు. వెంట వచ్చిన అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. "ఈ ఏడాది మీలో సేవ చేస్తున్నవారు ఎవరు?" అని ఆ ప్రశ్న. అది పూర్తికాక ముందే రామ్మోహనరావు గారు రెండడుగులు ముందుకు వేసి మెడ వంచారు. ఇందులో దురాశ లేదు. మెట్టుగూడలో ఎవరి చేతుల్లోనైనా మడత గుడ్డ కనబడితే ఆయన మెడ దానంతటదే వంగుతుంది. ఇరవయ్యేళ్ళ అభ్యాసం అది.

దోమింగో ఒక్క క్షణం ఆ మెడ కేసి చూశాడు. తర్వాత ఆ గుడ్డను ఆయన తలకు చుట్టి, ముడివేసి, కుచ్చులు భుజం మీదికి వదిలి, మూడు నిమిషాలు మాట్లాడాడు. ఆ అమ్మాయి మూడు నిమిషాలూ ఇంగ్లీషులో చెప్పింది. సంఘం కార్యదర్శి సదాశివ లేచి దాన్ని సభ్యుల కోసం తెలుగు చేశాడు.

"మన ప్రెసిడెంట్ సాబ్ సేవ చూసి ఆల్లు శానా ఖుష్ అయిన్రట."

చప్పట్లు మోగాయి. వెళ్ళేటప్పుడు దోమింగో ఒక ఉత్తరం కూడా ఇచ్చి పోయాడు. సంఘానికి వచ్చే ఉత్తరాలు చూసే బాధ్యత జీవరాజుది. ఆయన దాని మీద "అందినది" అని ముద్ర వేసి, పక్కన "చర్య అవసరం లేదు" అని రాసి, ఫైలులో పెట్టాడు. ముప్పై ఆరేళ్ళు పార్సిల్ ఆఫీసులో చేసినవాడికి, విప్పి చూడకుండానే ఏది ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఆ గుడ్డ నిజంగా అందమైనది. అగ్గిలాంటి ఎరుపు, మధ్యలో నీలిమందు చారలు, చారల నడుమ రెండు తలల పక్షి, దాని చుట్టూ చిన్న చిన్న జంతువులు, నాలుగు మూలలా పట్టుకుచ్చులు. ఇది వాళ్ళ దేశంలో మగవాళ్ళు, అందులోనూ పెద్దలు, అందులోనూ పండుగనాడు మాత్రమే ధరించేదని సదస్సువాళ్ళు ఇచ్చిన కరపత్రంలో ఉంది. రామ్మోహనరావు గారు మొదటి రెండు సంగతులూ గుర్తుపెట్టుకున్నారు. మూడోదాని విషయంలో, తాను ఎక్కడికి వెళితే అక్కడ పండుగే అన్న నమ్మకం ఆయనకు మొదటినుంచీ ఉంది.

ఆ గుడ్డ చుట్టుకుని మోండా మార్కెట్‌లో బెండకాయలు ఏరారు. బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారు. రెండు పెళ్ళిళ్ళకూ ఒక పరామర్శకూ వెళ్ళారు. పరామర్శలో పోయినాయన భార్య ఏడుపు ఆపి కాసేపు దాని కేసే చూసింది. ఆవిడకు ఎంతో ఊరట కలిగిందని అధ్యక్షులు తర్వాత చెప్పారు. దోమింగో ఊళ్ళో పెద్దలు వెండి కర్రను ఒట్టి చేత్తో ముట్టుకోరని, ఇలాంటి గుడ్డ అడ్డం పెట్టి పట్టుకుంటారని కరపత్రంలో ఉంది. వీరు ఆగస్టు పదిహేనున మైకును అలా పట్టుకుని గంటా పది నిమిషాలు ప్రసంగించారు. గుడ్డ మూతికి అడ్డం రావడం వల్ల ఒక్క మాటా వినబడలేదు. ఇంతవరకు సంఘంలో జరిగిన ప్రసంగాల్లో ఇదే ఉత్తమమని సభ్యులు ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు.

అధ్యక్షులకు ఉండి కార్యవర్గానికి లేకపోతే బాగుండదు కనుక, జనరల్ బజార్‌లో మిల్లు గుడ్డ తెచ్చి హోదాల వారీగా కుట్టించారు. ఉపాధ్యక్షుడికి కుచ్చులు ఉండవు. కార్యదర్శికి చారలు ఉండవు. కోశాధికారి పక్షికి ఒక్క తల. సభ్యులకు పక్షి లేని ఎర్ర చేతిరుమాలు. జీవరాజు కుచ్చుల్లేని గుడ్డ చుట్టుకుని అద్దంలో చూసుకున్నప్పుడు, ఆయన భార్య మేబెల్ కూరగాయలు తరుగుతూ తలెత్తి, "పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వస్తున్నట్టున్నారు" అంది. ఆమె ముప్పయ్యేళ్ళు బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. పిల్లల్ని తిట్టకుండానే కూర్చోబెట్టే విద్య ఇంట్లోనూ పనికొస్తుంది.

సభ్యుల్లో వీరయ్య అనే ఆయన ఉన్నాడు. కరెంటు లైన్‌మన్‌గా చేశాడు గానీ పుట్టింది నేతవాళ్ళ ఇంట్లో. ఒకనాడు అధ్యక్షులు గుడ్డ విప్పి కుర్చీ మీద వేసి చేతులు కడుక్కోవడానికి వెళితే, వీరయ్య దాని అంచు వేళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"కత్తెర వెట్టనే లేదు సార్ దీనికి. నాలుగు దిక్కుల నేతంచే ఉంది. నడుముకు మగ్గం కట్టుకోని, కూసోని నేసిన్రు. నాలుగు నెలలు పట్టుంటది," అన్నాడు జీవరాజుతో. "గింత పని చేసినోల్లు ఊకెనే ఇయ్యరు. ఏదో ఒప్పుకున్నోడికి ఇచ్చుంటరు. మనోల్లు ఏమొప్పుకున్నరో అడిగిన్రా?"

అప్పటికి రామ్మోహనరావు గారు వచ్చేశారు. "సన్మానం చేసినవారిని ఎందుకు చేశారని అడగడం సభ్యత కాదు వీరయ్యా" అన్నారు. అలా అడగడం మొదలైతే దేశంలో ఎన్ని సన్మానాలు ఆగిపోతాయో తలచుకుని వీరయ్య నోరు మూసుకున్నాడు.

జీవరాజుకు మాత్రం ఉత్తరం గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రమే ఫైలులోంచి తీసి ఇంటికి పట్టుకుపోయాడు. దోమింగో చెబుతుంటే ఆ అమ్మాయి ఇంగ్లీషులో రాసిన ఉత్తరం అది. మేబెల్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పింది.

"అయ్యా, ఈ గుడ్డ నా భార్య మీ ఊళ్ళో సేవ చేసేవారి కోసం నేసింది. మా ఊళ్ళో ఇది గౌరవం కాదు, బరువు. ఏడాదికొకడు ఊరి పునీతుడి ప్రతిమను తన ఇంట్లో పెట్టుకుంటాడు. ఆ ఏడాదంతా అతని ఇంటి తలుపు మూయకూడదు. ఎవరైనా రావచ్చు. పొద్దున్నే అతనే ఊడవాలి, అతనే దీపం పెట్టాలి, పండుగకు ఊరందరికీ తన గాదెలోంచే అన్నం పెట్టాలి. అలా ఒప్పుకున్నవాడు పండుగనాడు ఈ గుడ్డ చుట్టుకుంటాడు. ఏడాది కాగానే దిగిపోతాడు. ఇంకా ఉంటానన్నవాణ్ణి మేము ఇంతవరకు చూడలేదు. నా వంతు వచ్చిన ఏడు మా ఇంట్లో మొక్కజొన్న అయిపోయింది. అయినా అంత మంచి ఏడాది నేను మళ్ళీ చూడలేదు. మామూలుగా ఎవరి గుడ్డ వారికే ఉంటుంది. ఇది మాత్రం మీ అందరిదీ. ఏ ఏటికాయేడు సేవ చేసేవారి చేతికి మార్చండి."

చదవడం అయ్యాక మేబెల్ ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. జీవరాజు మాత్రం లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఆయన చెవుల్లో రెండే మాటలు మోగుతున్నాయి. ఏడాది కాగానే దిగిపోతాడు.

"దొరికాడు మేబెల్! వచ్చే ఫిబ్రవరికి దిగి తీరాలి. గుడ్డ ఇచ్చినవాళ్ళే రాశారు."

"ఆయన దిగితే ఎక్కేది మీరేగా? ఏడాదిపాటు తలుపు తీసి ఉంచుతారా మీరు? పక్కింటాయన పేపరు అడిగితే ఆదివారం అనుబంధం తీసేసుకుని ఇస్తారే."

"ముందు ఆయన్ని దిగనివ్వు. తక్కినవి తర్వాత చూద్దాం," అన్నాడు జీవరాజు. మన దేశంలో సంస్కరణలన్నీ ఈ వాక్యంతోనే మొదలవుతాయి.

నవంబరులో కార్యవర్గం సమావేశమైంది. జీవరాజు ఉత్తరంలోని ముఖ్యాంశాలు చదివాడు. అధ్యక్షులు కళ్ళు మూసుకుని విన్నారు. ముందుగా ఊడవడం, దీపం పెట్టడం అనే అంశం చర్చకు వచ్చింది. హాలు ఊడ్చేది, లైట్లు వేసేది, టీ పెట్టేది కమలాబాయి. చక్కెర నిండుకున్నప్పుడు తన ఇంట్లోంచి తెచ్చి వేసేది కూడా ఆమే. ఈ పనులన్నీ ఇప్పటికే సవ్యంగా జరుగుతున్నాయి కనుక ఆచారం సగం పాటించబడుతున్నట్టేనని కార్యవర్గం గుర్తించింది. విధులు కమలాబాయి నిర్వర్తించాలని, గుడ్డ అధ్యక్షులు ధరించాలని, ఈ విధంగా పని విభజన చేయడమైనదని తీర్మానించారు. అప్పుడే టీ తెచ్చిన కమలాబాయికి ఈ సంగతి తెలియజేశారు.

"పండుగకు అందరికి అన్నం సుత నేనే వెట్టాల్నా సార్?" అంది ఆమె.

"బలవంతం ఏమీ లేదమ్మా. స్వచ్ఛందంగానే," అన్నారు అధ్యక్షులు దయగా.

తర్వాత ఏడాది సంగతి వచ్చింది. ఇక్కడ సదాశివ పైకి లేచాడు. ఆ రోజుల్లో ఏ టీవీ ఛానల్ పెట్టినా మాయా వాళ్ళ క్యాలెండర్, డిసెంబర్ ఇరవై ఒకటిన యుగాంతం. సదాశివ ఆ కార్యక్రమాలన్నీ నోట్‌బుక్కు పట్టుకుని చూశాడు.

"సార్, జెర ఇనుండ్రి. ఏడాది అంటే ఎవరి ఏడాది? మనదా, ఆల్లదా? ఆల్ల లెక్కల బక్తూన్ అని ఒకటుంది. లక్షా నలభై నాలుగు వేల రోజులు. మన లెక్కల మూడు వందల తొంభై నాలుగేండ్లు."

"వాళ్ళకు మూడు వందల అరవై అయిదు రోజుల ఏడాది కూడా ఉందట," అన్నాడు జీవరాజు. మేబెల్ చెప్పి పంపింది.

"అది పంటలకు సార్. పదవులకు కాదు."

రామ్మోహనరావు గారు అప్పుడు కళ్ళు తెరిచారు. లేచి నిలబడి, కుచ్చులు సవరించుకున్నారు. "సోదరులారా! పరదేశపు పవిత్ర ఆచారాన్ని మన సౌకర్యం కోసం కుదించడం అపచారం. పాటిస్తే పూర్తిగా పాటించాలి. నా మట్టుకు నాకు రేపే దిగిపోవాలని ఉంది. నా ఆరోగ్యం, నా మనుమల ముచ్చట, అన్నీ నన్ను పిలుస్తున్నాయి. కానీ ఒక జాతి క్యాలెండరును అవమానించే హక్కు నాకు ఎవరిచ్చారు? ఎంత కష్టమైనా సరే, ఈ ఏడాది పూర్తి చేయక తప్పదు," అన్నారు. కోశాధికారి కళ్ళు తుడుచుకున్నాడు. పదవీకాలం క్రీస్తుశకం 2406 ఫిబ్రవరి వరకు ఉంటుందని కార్యవర్గం లెక్కతేల్చింది.

అంత పెద్ద విషయం సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలని జీవరాజు పట్టుబట్టాడు. పన్నెండేళ్ళలో ఆయన ఒక్కదానికీ పట్టుబట్టి ఎరగడు. అధ్యక్షులు ఉదారంగా ఒప్పుకున్నారు. మర్నాడు నోటీసు బోర్డు మీద ప్రకటన వెలువడింది. "వచ్చే నెల 21వ తేదీన యుగాంతం సంభవించని పక్షంలో, 23వ తేదీ ఆదివారం ఉదయం 11 గంటలకు సర్వసభ్య సమావేశం జరుగును. యుగాంతం సంభవించినచో సమావేశం వాయిదా పడినట్లుగా భావించవలెను. ఉప్మా కలదు."

ఇరవై ఒకటో తేదీన ఊళ్ళో చాలామంది ఎందుకైనా మంచిదని బిర్యానీ తిన్నారు. జీవరాజు ఆ ఉదయం మోకరించి మనస్ఫూర్తిగా ప్రార్థించాడు. "ప్రభువా, సోమవారం అయితే నాకేమీ అభ్యంతరం లేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా ఆపు." ప్రార్థన ఆలకించబడింది.

ఆదివారం చర్చి నుంచి ఆయన తిన్నగా హాలుకు వచ్చాడు. నూట నలభై మంది సభ్యులు వచ్చారు. జీవరాజు లేచి, ఈసారి ముఖ్యాంశాలు కాదు, ఉత్తరం మొత్తం చదివాడు. మేబెల్ తెలుగు చేసి చక్కటి దస్తూరీతో రాసి ఇచ్చింది. మూయని తలుపు, పొద్దున్నే ఊడ్చే పెద్దమనిషి, అయిపోయిన మొక్కజొన్న, మళ్ళీ చూడని మంచి ఏడాది. వీరయ్య తల దించుకున్నాడు. వెనక గుమ్మంలో కమలాబాయి చీపురు పట్టుకుని నిలబడిపోయింది. జీవరాజు ఇన్నాళ్ళూ ఇందులో దిగిపోవడం ఒక్కటే చూశాడు. ఇవాళ పైకి చదువుతుంటే తక్కినదంతా కూడా నిజంగానే వినబడింది. ఈ మనుషులు ఎంత గొప్పవాళ్ళు అనిపించింది.

చదవడం పూర్తి కాగానే చప్పట్లు అయిదు నిమిషాలు ఆగలేదు. "ఇది కదా సేవంటే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "దిగాలె! దిగాలె!" అని ఇంకెవరో అన్నారు. మెట్టుగూడ సంఘ చరిత్రలో అధ్యక్షుల ముఖాన ఆ మాట వినబడటం అదే మొదలు.

రామ్మోహనరావు గారు తొణకలేదు. నెమ్మదిగా ముడి విప్పారు. గుడ్డను నాలుగు మడతలు పెట్టారు. రెండు అరచేతుల మీద పరుచుకుని, వేదిక మీదే నాలుగడుగులు నడిచి, జీవరాజు ముందు నిలబడ్డారు. మాట మాత్రం మామూలుగా, మైకు లేకుండా వచ్చింది.

"తీసుకోండి జీవరాజు గారూ. నాకు సంతోషం. హాలు రేపటి నుంచి మీ ఇంట్లో అనుకుందాం. రెండు వందల పన్నెండు మంది సభ్యులు. తలుపు మూయకండి. పొద్దున ఆరుకు ఊడవడం మీదే, కమలాబాయిని ముట్టుకోనివ్వద్దు. కొత్త సంవత్సరం నాడు భోజనాలు మీ ఇంట్లోంచే. సరిగ్గా ఏడాదికి ఇది సదాశివ చేతిలో పెట్టి దిగిపోవాలి."

ఎర్రగుడ్డ జీవరాజు చేతులకు జానెడు దూరంలో ఉంది. కుచ్చులు ఫ్యాను గాలికి కదులుతున్నాయి. పన్నెండేళ్ళుగా ఆయన ఎదురుచూసింది దీనికోసమే. చెయ్యి చాస్తే చాలు, బోర్డు మీద రెండో వరుస ఆయనది.

ఆయన కళ్ళకు తన ముందు గది కనబడింది. కొత్త సోఫా, దాని మీద ఇంకా విప్పని ప్లాస్టిక్ కవరు. దాని మీద వరుసగా రెండు వందల పన్నెండు మంది. అదైనా ఓర్చుకోవచ్చు. ఊడవడం కూడా, తెల్లవారకముందే తలుపు ఓరగా వేసుకుని కానిచ్చేయవచ్చు. భోజనాలు చర్చివాళ్ళ చేత పెట్టించవచ్చు. కానీ ఆఖరి మాట దగ్గర ఆయన లెక్క ఆగిపోయింది. పన్నెండేళ్ళు ఆగినవాడు ఏడాదికే దిగిపోవాలా? అదీ సదాశివకు ఇచ్చి? ఇందులో న్యాయం ఎక్కడుంది? ఆ క్షణాన జీవరాజుకు రామ్మోహనరావు గారు మొదటిసారిగా పూర్తిగా అర్థమయ్యారు.

"నా ఉద్దేశం అది కాదండీ," అన్నాడు. "ఊరికే, సభ్యుల దృష్టికి తేవాలని."

అధ్యక్షులు గుడ్డను సభ వైపు తిప్పారు. "ఇంకెవరైనా?" అన్నారు. ముందు వరుసవాళ్ళు వెనక్కి చూశారు. వెనక వరుసవాళ్ళు ఉప్మా గిన్నె వైపు చూశారు. "దిగాలె" అన్నాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఒకాయనకు షుగరు, ఒకాయనది అద్దె ఇల్లు, ఒకాయన తలుపుకు స్ప్రింగు ఉంది, తెరిచి ఉంచుదామన్నా ఉండదు. వీరయ్య ఒక్కడు సగం లేచాడు.

"ఊడ్సుడు నేను ఊడుస్త సార్. గుడ్డ గిట్ట నాకొద్దు," అన్నాడు.

హోదా లేకుండా సేవ చేయడానికి నియమావళిలో వీలు లేదని సదాశివ చెప్పి ఆయన్ని కూర్చోబెట్టాడు.

ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయకపోతే ఆ గుడ్డ అలా గాల్లోనే ఉండిపోయేట్టుంది. జీవరాజే చేశాడు. పదవీకాలాన్ని మాయా క్యాలెండర్ ప్రకారం లెక్కించాలనే తీర్మానాన్ని ఆయనే ప్రతిపాదించాడు. నూట ముప్పై ఎనిమిది మంది ఒక్కసారిగా బలపరిచారు. తీర్మానం నెగ్గినందుకు కాదు, గుడ్డ తిరిగి రామ్మోహనరావు గారి తల మీదికి చేరినందుకు హాలంతా ఊపిరి పీల్చుకుంది. వీరయ్య చేయి ఎత్తలేదని మినిట్స్‌లో లేదు. కమలాబాయి పేపరు ప్లేట్లలో ఉప్మా పెట్టింది. ఈసారి అందరికీ సరిపోయింది.

జీవరాజు మెట్టుగూడ నుంచి చిలకలగూడకు నడిచే వచ్చాడు. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. వసారా ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. సోఫా మీద ప్లాస్టిక్ కవరు లేదు. వంటింటి గుమ్మంలో యాభై మందికి వండే అన్నం డేగిసా ఒకటి, ఎవరి దగ్గరో అరువు తెచ్చింది, కడిగి బోర్లించి ఉంది. మేబెల్ బయటికి వచ్చి ఆయన ఒట్టి తల కేసి చూసింది. ఆ డేగిసా రెండు చేతులా ఎత్తుకుని, ఇచ్చినవాళ్ళకు తిరిగి ఇచ్చి రావడానికి గుమ్మం దిగింది. జీవరాజుకు సిగ్గేసింది. డెబ్బై ఒక్క ఏళ్ళలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. వెనకే వెళ్ళి డేగిసా ఒక చెవి తను పట్టుకుందామనుకున్నాడు. అనుకుంటూ వెళ్ళి తలుపు వేశాడు.

పెయింటర్ వచ్చి బోర్డు మీద "వరకు" అన్న గడిలో బంగారు అక్షరాలతో 2406 అని రాసిపోయాడు. ఇది చాలా అన్యాయమని మీకు అనిపిస్తూ ఉండవచ్చు. అనిపించినందుకు సంఘం మిమ్మల్ని మనసారా అభినందిస్తోంది. అభ్యంతరం ఉన్నవారు ఎవరైనా సరే, సభ్యులు కాకపోయినా సరే, ఏ రోజైనా ఉదయం ఆరు గంటలకు స్వయంగా హాజరై, చీపురు అందుకుని, గుడ్డ తీసుకోవచ్చునని నోటీసు పెట్టారు. ఇంతవరకు పదిహేడు అభ్యంతరాలు అందాయి. అన్నీ పోస్టులో వచ్చాయి.